కపూచిన్ మఠంలో ఒక్కటే కిటికీ

ఫ్రెంచ్ రొమాంటిక్ చిత్రకారులు అనగానే మనకు గుర్తొచ్చేది దెలక్రువా, జెరికో. తిరుగుబాట్లు, మునిగిపోయిన ఓడలు, అదుపు తప్పిన గుర్రాలు. అదే కాలంలో ఫ్రాంస్వా మారియూస్ గ్రానే అని ఒకాయన ఉండేవాడు, ఆయన ముఖ్యంగా గదులు వేశాడు. మఠాల్లో గదులు, నేలమాళిగలు, వసారాలు, చర్చిల్లో మూలలు. వాటిల్లో ఒకదాని గురించే ఈ పోస్టు. రోమ్‌లో బార్బెరీని కూడలి దగ్గరున్న కపూచిన్ చర్చిలో (కపూచిన్లు కాథలిక్ సన్యాసుల్లో ఒక శాఖ) సన్యాసులు ప్రార్థనకు కూడిన దృశ్యం అది, 1814-15లో వేసిన ఆయిల్ పెయింటింగ్, ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో (అందరూ మెట్ అంటారు) ఉంది. దాదాపు రెండు మీటర్ల ఎత్తు, ఒకటిన్నర మీటరు వెడల్పు. అంటే దాని ముందు నిలబడితే బొమ్మ చూస్తున్నట్టు ఉండదు, గుమ్మంలో నిలబడి లోపలికి చూస్తున్నట్టే ఉంటుంది.

గది చాలా పొడుగు. పైన కమాను కప్పు. చివరి గోడలో, మనకు సరిగ్గా ఎదురుగా ఒక కిటికీ, గదిలోకి వచ్చే వెలుతురంతా దాంట్లోంచే. రెండు పక్కల గోడల వెంబడి చెక్క ఆసనాలు, వాటి ముందు గోధుమరంగు అంగీల్లో సన్యాసులు వరసగా నిలబడి ఉంటారు. మధ్యలో పెద్ద ప్రార్థన పుస్తకం పెట్టుకునే ఎత్తైన స్టాండు. ఇంతే. అద్భుతం ఏదీ జరగదు, ఆకాశంలోంచి దేవదూత దిగిరాడు, ఎవరూ మూర్ఛపోరు. ఆ గది బలిపీఠం వెనక ఉంటుంది, బయటి జనం కోసం కట్టింది కాదు, మఠంలో ఉండేవాళ్లు రోజుకు ఇన్నిసార్లని వచ్చి కీర్తనలు చెప్పుకునే చోటు. తెల్లవారుజామున ఒకసారి, పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకునే ముందు, ఇలా వందల ఏళ్లుగా ఒకే లెక్క.

ఇప్పుడు వెలుతురు సంగతి. కిటికీకి ఎదురుగా మనిషిని నిలబెట్టి ఫోన్‌తో ఫొటో తీస్తే ఏమవుతుందో మనందరికీ తెలుసు, వెనక అంతా తెల్లగా, ముఖం నల్లగా వస్తుంది. గ్రానే కావాలనే ఆ చోటు ఎంచుకున్నాడు. వెలుతురు మన కళ్లలోకి వస్తుంది, మనుషులు దానికీ మనకీ మధ్యలో ఉంటారు, కాబట్టి దగ్గర్లో ఉన్నవాళ్ల ముఖాలు సరిగా తెలియవు. అంగీ మడతల అంచు మీద ఒక సన్నని వెలుగు గీత, గొరిగిన తల చుట్టూ ఒక గీత, నేల మీద కిటికీ నుంచి మన కాళ్ల దాకా పాకి వచ్చే మెరుపు, ఇంకాస్త పక్కకు చూస్తే చెక్క ఆసనాల పై అంచులు ఒకదాని తర్వాత ఒకటి చిన్నగా మెరుస్తూ దూరం పోతాయి. ఇంత వెలుతురు ఎదురుగా ఉన్నా నీడలో ఉన్న చోటు నల్లటి మచ్చలా మిగిలిపోలేదు, అదీ పనితనం. చీకట్లో కాసేపు ఉన్నాక కళ్లు అలవాటుపడినట్టు, నిలబడి చూస్తూ ఉంటే నీడలోంచి ఒక్కొక్కరే బయటికి వస్తారు. ముందు పది మంది అనుకుంటాం, తర్వాత ఇంకొకరు, ఆ పక్కన ఇంకొకరు.

న్యూజెర్సీలో మా ఊరు ఎడిసన్ నుంచి ట్రైన్‌లో వెళ్లి మెట్‌లో రోజంతా తిరగడం మా ఇంట్లో అందరికీ ఇష్టమే, కానీ యూరోపియన్ పెయింటింగ్స్ దగ్గర నాతో పాటు ఎక్కువసేపు ఎవరూ ఆగరు. ఈ బొమ్మ ముందు నుంచున్నప్పుడు పక్కన ఎవరో ఒకరు 'ఎంత ప్రశాంతంగా ఉందో' అని ముందుకు సాగిపోవడం మామూలే. అన్నవాళ్లని తప్పు పట్టను, చూడగానే కలిగే భావం అదే. కానీ ఈ బొమ్మ వేసిన తేదీ, వేసిన ఊరు కలిపి చూస్తే ప్రశాంతత అన్న మాట నాకు సరిపోదనిపిస్తుంది. ఇది ఒక దెబ్బ తిన్నాక వేసిన బొమ్మ.

గ్రానే 1775లో దక్షిణ ఫ్రాన్స్‌లో ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి తాపీమేస్త్రి. (ఆయన బొమ్మల్లో గోడలకు బరువుంటుంది, కమాను ఎక్కడ మొదలై ఎక్కడ దిగుతుందో తేడా రాదు. అది ఇంట్లోంచి వచ్చిన విద్యేనని నా నమ్మకం.) ఆయనకు 14 ఏళ్లప్పుడు, 1790 ఫిబ్రవరి 13న, విప్లవ ప్రభుత్వం ఫ్రాన్స్‌లో మఠ వ్రతాలనే రద్దు చేసింది. అంటే సన్యాసి కావడం అనే జీవితమే చట్టం దృష్టిలో లేకుండా పోయింది. మఠాలు జాతి ఆస్తి అయిపోయాయి. కొన్నింటిని అమ్మేశారు, కొన్నింటిని కూల్చేశారు, కొన్నింటిని గోదాములూ సైనికుల బ్యారక్‌లూ చేశారు.

పారిస్‌లో వాందోమ్ కూడలి పక్కన కపూచిన్ సన్యాసినుల మఠం ఒకటి ఉండేది. సన్యాసినులు వెళ్లిపోయాక ఖాళీ గదుల్లో చిత్రకారులు చేరారు. ఏంగ్ర్ ఉన్నాడు, జిరోదే ఉన్నాడు, గ్రో ఉన్నాడు, వాళ్లతో పాటు గ్రానే కూడా. అప్పట్లో పేరున్న చిత్రకారుడు దావీద్ స్టూడియోలో కొన్నాళ్లు నేర్చుకున్నాడు కానీ, దావీద్ నేర్పే గ్రీకు వీరులూ రోమన్ ప్రతిజ్ఞలూ ఈయన ఒంటికి పడలేదు. ఖాళీ మఠాల వసారాలు వేయడం మొదలుపెట్టాడు. పారిస్‌లోనే ఫాయాంట్లు అనే సన్యాసుల మఠం వసారా వేసి 1799 సలాన్‌లో, అంటే పారిస్‌లో జరిగే పెద్ద చిత్రప్రదర్శనలో, పెట్టాడు. తర్వాత కొన్నేళ్లకే ఆ కపూచిన్ల మఠాన్ని పడగొట్టి, దాని మీదుగా 1806లో నెపోలియన్ పేరుతో వీధి వేశారు. ఇప్పుడు దాన్ని ర్యూ ద లా పే అంటారు, ఖరీదైన నగల దుకాణాలుండే వీధి. పారిస్ వెళ్లిన మనవాళ్లు కూడా చాలామంది ఆ వీధిలో నడిచే ఉంటారు.

1802లో స్నేహితుడు ఫోర్బాంతో కలిసి రోమ్ వెళ్లాడు, 1824 దాకా దాదాపు అక్కడే ఉండిపోయాడు. ఆ రోజుల్లో ఏంగ్ర్ వేసిన గ్రానే పోర్ట్రెయిట్ ఒకటి ఉంది, 1807 ప్రాంతంలోది. మెడ చుట్టూ ఎత్తుగా తెల్ల కాలర్, భుజాన పెద్ద కోటు, చేతిలో తన పేరు రాసి ఉన్న ఆల్బమ్, వెనక మబ్బు పట్టిన ఆకాశం, ఆ ఆకాశం కింద రోమ్‌లో పోప్ ఉండే క్విరినాల్ ప్యాలెస్. గ్రానే అందగాడే, కానీ నా కళ్లు ఎప్పుడూ వెనకున్న ఆ ప్యాలెస్ మీదికే పోతాయి. ఎందుకంటే ఆ బొమ్మ వేసిన రెండేళ్లకు, 1809 జులైలో, ఫ్రెంచ్ సైనికులు అదే ప్యాలెస్ గోడలెక్కి లోపలికి దిగి పోప్ ఏడవ పయస్‌ని బందీగా తీసుకుపోయారు. అప్పటికే రోమ్‌ని నెపోలియన్ తన సామ్రాజ్యంలో కలిపేసుకున్నాడు. పయస్ స్వయంగా బెనెడిక్టైన్ సన్యాసి, మఠంలో పెరిగినవాడు. 1810లో రోమ్‌లో కూడా మఠాల రద్దు వచ్చింది. ఫ్రాన్స్‌లో చిన్నప్పుడు చూసిందే గ్రానే రోమ్‌లో రెండోసారి చూశాడు, ఈసారి ముప్పై దాటిన వయసులో, తన దేశంవాళ్లే వచ్చి చేస్తుంటే.

క్విరినాల్ నుంచి బార్బెరీని కూడలికి నడిచే వెళ్లొచ్చు. అక్కడున్న కపూచిన్ చర్చి పేరు శాంతా మరియా దెల్లా కొంచెత్సియోనె. 1626లో మొదలుపెట్టి కట్టింది, పోప్ ఎనిమిదవ అర్బన్ కాలంలో. ఆయన తమ్ముడు ఆంటోనియో బార్బెరీని కపూచిన్ సన్యాసి, కార్డినల్ కూడా, ఆయన్ను అక్కడే పాతిపెట్టారు. సమాధి రాయి మీద పేరు లేదు, 'ఇక్కడ ఉన్నది ధూళి, బూడిద, ఇంకేమీ లేదు' అని లాటిన్‌లో రాసి ఉంటుంది. ఇప్పుడు ఆ చర్చికి వచ్చే టూరిస్టుల్లో ఎక్కువమంది వచ్చేది కింద నేలమాళిగ కోసం. దాదాపు 3,700 మంది సన్యాసుల ఎముకల్ని అక్కడ గోడలకూ కప్పుకూ అలంకారాలుగా పేర్చారు. ఆ ఫొటోలు మీరు చూసే ఉంటారు, సోషల్ మీడియాలో తిరుగుతూనే ఉంటాయి. ఆ ఎముకల మనుషులు బతికున్నప్పుడు పైన ఏం చేసేవాళ్లో గ్రానే బొమ్మలో ఉంది. నాకైతే ఆ పైగదే ముఖ్యం.

1814లో నెపోలియన్ పడిపోయాడు. ఆ ఏడాది మే 24న పోప్ రోమ్‌కి తిరిగొచ్చాడు, మఠాలు మళ్లీ తెరుచుకోవడం మొదలైంది. మన బొమ్మ తేదీ 1814-15. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ వరసలో నిలబడ్డవాళ్లు వేరేగా కనిపిస్తారు. వాళ్లు పుట్టినప్పటి నుంచీ అక్కడే నిశ్చింతగా ఉన్న మనుషులు కారు. ఆ గది కొన్నేళ్లు మూగబోయింది. ఆసనాలు ఖాళీగా ఉన్నాయి. తిరిగొచ్చాక వాళ్లు చేసిన పని పండగ కాదు, ఊరేగింపు కాదు, వచ్చి ఎవరి చోట వాళ్లు నిలబడి ఆ పూట కీర్తనలు అందుకున్నారు. ఇది ఈ బొమ్మని నేను అర్థం చేసుకున్న తీరు, గ్రానే ఎక్కడా జెండా పట్టుకుని ఈ మాట చెప్పడు. కానీ ఆయన జీవితంలో ఖాళీ మఠాలు ఎన్ని వేశాడో చూశాక, ఈ గదిలో ఇంతమందిని నింపడం మామూలు విషయం అనుకోలేను.

ఈ బొమ్మలో భక్తి కంటే దినచర్య ఎక్కువ కనిపించడమే నాకు నచ్చింది. రొమాంటిక్ కాలంలో మఠం అంటే చాలామందికి ఒక మూడ్. శిథిలం, వెన్నెల, సమాధులు, ఎండిన చెట్లు. జర్మనీలో కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిహ్ వేసిన బొమ్మలు మీకు తెలిసే ఉంటాయి. సముద్రం ముందు ఒంటరిగా నిలబడ్డ సన్యాసి ఒకటి, ఓక్ చెట్ల మధ్య పాడుబడ్డ మఠం ఇంకొకటి. రెండూ 1810లో బెర్లిన్ అకాడమీ ప్రదర్శనలో పెట్టారు, రెండింటినీ ప్రష్యా రాజు కొన్నాడు. ఆ రెండో బొమ్మలో మంచులో సన్యాసులు శవపేటిక మోసుకుంటూ శిథిలమైన గుమ్మంలోంచి వెళ్తుంటారు. ఆ గుమ్మానికి మూలం గ్రైఫ్స్‌వాల్డ్ దగ్గరి ఎల్డెనా మఠం శిథిలాలు. ఫ్రీడ్రిహ్ లూథరన్, అంటే ప్రొటెస్టెంట్, ఆయన పుట్టిన ప్రాంతంలో మఠాలు మూతపడి అప్పటికే రెండున్నర శతాబ్దాల పైన అయింది. ఆయన సన్యాసులు ఊహలోంచి వచ్చినవాళ్లు, చావు గురించీ అనంతం గురించీ మనతో మాట్లాడటానికి వచ్చినవాళ్లు. గొప్ప బొమ్మలే, కాదనను, సముద్రం ముందు నిలబడ్డ సన్యాసిని చూస్తే ఇప్పటికీ నా ఒళ్లు జలదరిస్తుంది. అయితే ఆ సన్యాసికి భోజనం గంట ఉండదు, పక్కన నిలబడే మనిషి ఉండడు, గొంతు శ్రుతి తప్పితే సరిచేసే పెద్దాయన ఉండడు. గ్రానే సన్యాసులకు ఇవన్నీ ఉన్నాయి. మఠ జీవితం అంటే ముందు కలిసి బతకడం, రోజూ అదే పక్కవాడి పక్కన నిలబడటం. అది బొమ్మగా వేయడం ఒంటరితనాన్ని వేయడం కన్నా కష్టం, ఎందుకంటే అందులో డ్రామా దొరకదు.

మరి డ్రామా లేని ఈ బొమ్మకి వచ్చిన గిరాకీ చూడండి. అడిగినవాళ్లకల్లా వేసి ఇవ్వాల్సి వచ్చి, గ్రానే ఇదే దృశ్యాన్ని పది పన్నెండుసార్లకు పైగానే మళ్లీ వేశాడు. 1818 నాటిది ఒకటి రష్యా చేరింది, ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్ హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది. ఇంకొకటి బ్రిటిష్ రాజకుటుంబం సేకరణలోకి వెళ్లింది. అమెరికాలో థామస్ సల్లీ అనే పోర్ట్రెయిట్ చిత్రకారుడు 1821లో దీన్ని చూసి కాపీ వేసుకున్నాడు. ఒక కాథలిక్ మఠం బొమ్మ కోసం ఆర్థడాక్స్ రష్యాలో, ప్రొటెస్టెంట్ ఇంగ్లండ్‌లో ఇంత ఆసక్తి ఎందుకు అంటే వెలుతురు ఇంద్రజాలం అని చెప్తారు. నిజమే, అది పెద్ద కారణం, జనం ఆ గదిలోకి నడిచి వెళ్లొచ్చేమో అన్నంతగా నమ్మేవాళ్లు. కానీ తేదీలు మళ్లీ చూడండి, 1815 తర్వాతి యూరప్ అది. పాతికేళ్ల యుద్ధాలు, పడిపోయిన సింహాసనాలు, మారిపోయిన సరిహద్దులు. ఎవరి చోటికి వాళ్లు తిరిగొచ్చి నిలబడ్డారు అని చెప్పే బొమ్మ రాజులకు ఎంత ఊరటగా ఉండి ఉంటుంది. ఆ ఊరటలో రాజకీయం ఉంది, పాత వ్యవస్థ మళ్లీ గెలిచింది అన్న సంబరం ఉంది, దాన్ని దాచాల్సిన పని లేదు. ఆ సంబరంతో పేచీ ఉన్నా, గదిలో నిలబడ్డ మనుషుల్ని నేను అందులో కలిపి కొట్టెయ్యలేను. పోగొట్టుకున్న రోజువారీ పనిని తిరిగి అందుకోవడం రాజుల విజయం కన్నా చిన్నది, దానికన్నా నిజమైనది కూడా.

అన్నిటికన్నా నాకు ఇష్టమైన కథ రష్యాలో జరిగింది. అలెక్సేయ్ వెనెత్సియానొవ్ అనే చిత్రకారుడు 1820ల మొదట్లో హెర్మిటేజ్‌లో ఈ బొమ్మ ముందు కూర్చున్నాడు, ఒక రోజు కాదు, రోజుల తరబడి. వస్తువు పోలికతో కాకుండా వస్తువే ప్రాణంతో ఎదురుగా ఉన్నట్టు ఎలా కనిపిస్తోందో తేల్చుకోవాలన్నది ఆయన పట్టుదల. త్వేర్ ప్రాంతంలో సఫోంకొవో అనే తన పల్లెకు వెళ్లి, మఠాన్ని కాదు, ధాన్యం నూర్చే కొట్టాన్ని ఎంచుకున్నాడు. లోపలికి చాలినంత వెలుతురు రావడం లేదని ఆ కొట్టం ముందు గోడనే కోయించేశాడు. అలా వచ్చిందే 'నూర్పిడి కొట్టం' అనే బొమ్మ, ఇప్పుడు రష్యన్ మ్యూజియంలో ఉంది. పొడుగాటి చెక్క కొట్టం, లోతుగా వెనక్కి పోయే దూలాలు, అక్కడక్కడా రైతులు, ఆడవాళ్లు, గుర్రం. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూస్తే చుట్టరికం ఇట్టే తెలిసిపోతుంది. రష్యాలో పల్లె రైతుల జీవితాన్ని గౌరవంగా చూపించిన చిత్రకళకు వెనెత్సియానొవ్‌తోనే దారి పడింది, తర్వాత ఆయన తన పల్లెలో బొమ్మలు నేర్పితే నేర్చుకున్నవాళ్లలో వెట్టి రైతుల పిల్లలు కూడా ఉన్నారు. సన్యాసుల గదిలోంచి ఆయన నేర్చుకుంది మతం కాదు, పనిలో ఉన్న మనుషుల్ని వాళ్ల చోట, వాళ్ల వెలుతురులో చూడటం.

గ్రానే ఆ తర్వాత పెద్ద మనిషి అయ్యాడు. 1819 సలాన్ తర్వాత లెజియన్ ఆఫ్ ఆనర్ అనే ఫ్రెంచ్ ప్రభుత్వ పురస్కారం వచ్చింది, 1826లో లూవ్ర్‌లో క్యూరేటర్ ఉద్యోగం, ఆ తర్వాత వెర్సాయ్ బాధ్యత. ఆ ఏళ్లలో పారిస్‌లోనూ వెర్సాయ్‌లోనూ వేసుకున్న నీటిరంగులు చాలా బాగుంటాయి, సెన్ నది మీద పొగమంచు, ఖాళీ తోటలు, మనుషులు దాదాపు ఉండరు. 1848 విప్లవం వచ్చాక ఉద్యోగం పోయి సొంత ఊరు చేరాడు, మరుసటి ఏడాది నవంబర్‌లో పోయాడు. తన బొమ్మల్నీ ఆస్తినీ ఊరి మ్యూజియానికి రాసిచ్చాడు, ఇప్పుడు దాని పేరే మ్యూజే గ్రానే, ఏంగ్ర్ వేసిన ఆ పోర్ట్రెయిట్ అక్కడే ఉంది. తర్వాతి కాలంలో కుర్రాడు సెజాన్ బొమ్మలు నేర్చుకున్నది కూడా ఆ భవనంలోనే.

చూడాలనుకునేవాళ్లకి ఒక మాట. న్యూయార్క్, న్యూజెర్సీల్లో ఉన్నవాళ్లు మెట్‌కి వెళ్లే ముందు వెబ్‌సైట్‌లో ఆ రోజు బొమ్మ గోడ మీద ఉందో లేదో చూసుకోండి, బొమ్మల్ని మారుస్తుంటారు. వెళ్లలేనివాళ్లకి కూడా ఇబ్బంది లేదు, కాపీరైట్ లేని బొమ్మల్ని మెట్ 2017 నుంచి పెద్ద సైజులో ఉచితంగా దింపుకోనిస్తోంది. ఫోన్‌లో కాదు, పెద్ద స్క్రీన్ మీద, గదిలో లైటు తీసేసి చూడండి. ముందు కిటికీని వదిలేసి ఎడమ పక్క నీడతో మొదలుపెట్టండి, తల అంచుల్ని లెక్కపెట్టుకుంటూ చివరి గోడ దాకా వెళ్లి, కుడి పక్క నుంచి వెనక్కి రండి. ఆ తర్వాత హెర్మిటేజ్ వాళ్ల సైట్‌లో 1818 నాటిది తెరిచి ఇదే పని చేయండి. ఒకే గదిని మళ్లీ మళ్లీ వేసినవాడు మనుషుల్ని ఎక్కడెక్కడ జరిపాడో, వెలుతురుని ఎక్కడ కాస్త తగ్గించాడో పట్టుకున్నవాళ్లు కింద కామెంట్లలో రాయండి, నేనూ నాకు దొరికినవి అక్కడే పెడతాను.